పక్కవాద్యం ఆగుతుంది, ట్రాక్ ఆగదు

పేపర్లో "జాతరలో అపశ్రుతి" అన్న హెడ్డింగ్ కనిపిస్తే అది పాట గురించి అని ఎవరూ అనుకోరు. పందిరి కూలిందో, రథం ఒరిగిందో, ఎవరికో దెబ్బలు తగిలాయని అర్థమైపోతుంది. సంగీతంలో పుట్టిన మాటే అయినా తెలుగులో అది వేడుకల్లో జరిగే ప్రతి ప్రమాదానికీ పేరైపోయింది. పాటగాళ్ల వైపు నుంచి చూస్తే ఇది కాస్త అన్యాయమే. అసలైన అపశ్రుతి, అంటే స్వరం ఒక వెంట్రుకవాసి కిందో పైనో పడటం, కచేరీల్లో రోజూ జరిగేదే. మరుక్షణంలో సర్దుకునేది కూడా. మరి పదేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోయే సంఘటనలు ఏవి? మనవలకు చెప్పుకునేంత గర్వంగా మిగిలిపోయేవి ఏవి?

ఈ రెండు రకాల కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. రెండింట్లోనూ జరిగేవి దాదాపు అవే. తీగ తెగుతుంది, మాట మరపుకొస్తుంది, లెక్క తప్పుతుంది. కొన్నిసార్లు అది పరువు తీస్తుంది, కొన్నిసార్లు అదే పేరు తెస్తుంది. ఆ నాలుగైదు సెకన్లలో వేదిక మీద ఉన్న మిగతావాళ్లు ఆ మనిషి కోసం ఆగగలిగారా లేదా అన్నదాన్ని బట్టే చాలావరకు ఇది తేలుతుంది.

ముందుగా మన కచేరీలోనే ఒక చోట ఆగి చూద్దాం. తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, చివరికొచ్చింది. ఆదితాళం, ఎనిమిది అక్షరాలు. అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32, రెండు ఆవర్తనాలకు 64. మృదంగం వాయించే ఆయన ముక్తాయింపు, అంటే ఒకే ముక్కను మూడుసార్లు వాయించి ముగించే వరస, ఎత్తుకున్నాడు. 20 మాత్రల ముక్క మూడుసార్లు, మధ్యలో రెండేసి మాత్రల విరామం రెండుసార్లు. మొత్తం సరిగ్గా 64. ఆఖరి దెబ్బ తర్వాత వచ్చేది సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, అక్కడే గాయకుడు పల్లవి అందుకోవాలి. లెక్క ఇంత తేలికైనప్పుడు తప్పేదేముంది అనిపిస్తుంది. కానీ వేగం పెరిగాక, ముందు వరసలో పేరున్న విద్వాంసుడు కూర్చుని తొడ మీద తాళం వేస్తూ కనిపించాక, ఒక విరామం మింగేయడం చాలా సులభం. అప్పుడు మొత్తం 62 అవుతుంది. అర అక్షరం ముందే ముగింపు వచ్చేస్తుంది. మృదంగం మీద చెయ్యి దిగిపోయింది, గాయకుడి చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

ఆ అర అక్షరం సెకనులో సగం కూడా ఉండదు. అయినా అందులో చాలా జరుగుతుంది. అనుభవం ఉన్న మృదంగ విద్వాంసుడైతే ఆ ఖాళీని రెండు చిన్న దెబ్బలతో నింపేసి, అదీ లెక్కలో భాగమే అన్నంత నింపాదిగా కూర్చుంటాడు. అనుభవం ఉన్న గాయకుడైతే తాళాన్ని కదపకుండా, ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా సమం మీద పల్లవి అందుకుంటాడు. సభలో లెక్క తెలిసిన పదిమంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, మిగతా జనం చప్పట్లు కొట్టేస్తారు. గాయకుడు గనక ఆ క్షణంలో తల తిప్పి పక్కవాద్యం వైపు ఒక్క చూపు విసిరాడా, అంతే. తప్పు జరిగిందని సభ మొత్తానికీ తెలిసిపోతుంది. కచేరీ సంప్రదాయంలో పెద్ద అవమానం లెక్క తప్పడం వల్ల రాదు, ఆ చూపు వల్ల వస్తుంది. అలాగే లెక్క సరిగ్గా కుదిరి, గొంతూ వయొలినూ మృదంగమూ ఘటమూ ఒకే బిందువు మీద దిగినప్పుడు గాయకుడి నోట అప్రయత్నంగా వచ్చే "శభాష్" ఉంటుందే, పక్కవాద్యకారులు చప్పట్ల కంటే దాన్నే ఎక్కువ గుర్తు పెట్టుకుంటారు.

మాట మరిచిపోవడం గాత్రం పాడేవాళ్లకు పుట్టుకతో వచ్చిన భయం. దీనికి సంగీతం కట్టుబడిలోనే ఒక కారణం ఉంది. చాలా కృతుల్లో చరణం రెండో సగం అనుపల్లవి వరసలోనే నడుస్తుంది. రాగం అదే, తాళం అదే, సంగతులూ (వరసలో వేసే మార్పులూ) దాదాపు అవే, సాహిత్యం మాత్రమే వేరు. చరణంలో ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నాలుక తనకు తెలిసిన పాత దారి పట్టి అనుపల్లవి మాటల్లోకి జారిపోతుంది. సంగీతంలో జ్ఞాపకశక్తి మీద చాలాకాలం పరిశోధించిన, అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ చాఫిన్, ఒక పియానో కళాకారిణి బాఖ్ రచన ఒకదాన్ని మొదటి రోజు నుంచి నేర్చుకునే తీరును రికార్డు చేసి గమనించాడు. నిపుణులు పాటను ఒకే పొడవాటి దారంలా కాక, మధ్యమధ్యలో గుర్తురాళ్లు పాతుకుని దాచుకుంటారని ఆయన చెప్పినదాని సారాంశం. దారం తెగితే దగ్గర్లోని రాయి దగ్గరికి దూకొచ్చు. గుర్తురాళ్లు లేనివాళ్లు మాత్రం మళ్లీ మొదటి నుంచి నడవాల్సిందే. పిల్లలు వీణ పరీక్షలో మధ్యలో ఆగిపోయి మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన గాత్ర కచేరీలో ఈ జారుడుకు మందు సిద్ధంగానే ఉంటుంది. ఒక పంక్తిని ఎన్నిసార్లైనా పాడొచ్చు. రెండుసార్లు తిప్పి తిప్పి సంగతి వేస్తే జనం దాన్ని మనోధర్మమే, అప్పటికప్పుడు కల్పించినదే, అనుకుంటారు, ఈలోపు మాట నోటికొస్తుంది. వెనక కూర్చున్న శిష్యులు అందిస్తారు. అదీ కుదరకపోతే మాటలు లేకుండా స్వరాలే పాడే స్వరకల్పన ఉండనే ఉంది. జాజ్‌కీ ఇలాంటి వెసులుబాటే ఉంది. 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో ఎల్లా ఫిట్జెరాల్డ్ "మ్యాక్ ద నైఫ్" పాడుతూ సగంలో సాహిత్యం పూర్తిగా మరిచిపోయింది. వెనక బృందం వాయించడం ఆపలేదు, వేగం పెంచలేదు, ఆమె ఎటు వెళితే అటు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. మాటలు మరిచిపోయానన్న సంగతినే ఆమె అదే వరసలో పాటగా పాడేసింది. మధ్యలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించి నవ్వించింది. ఆ రికార్డింగే తర్వాత ఆమెకు గ్రామీ తెచ్చిపెట్టింది. సాహిత్యం తప్పు లేకుండా పాడిన రాత్రులు ఆమెకు ఎన్నో ఉండి ఉంటాయి. జనం చెప్పుకునేది మాత్రం ఈ రాత్రి గురించే.

2016 డిసెంబర్ 10న స్టాక్‌హోమ్‌లో అమెరికన్ గాయని ప్యాటీ స్మిత్ పరిస్థితి ఇంత సుఖంగా లేదు. నోబెల్ సాహిత్య బహుమతి అందుకోవడానికి బాబ్ డిలన్ రాలేదు, ఆయన పాట పాడటానికి ఆమె వెళ్లింది. ఎదురుగా రాజకుటుంబం, శాస్త్రవేత్తలు, ప్రపంచమంతా ప్రసారం. రెండో చరణంలో ఆగిపోయింది. జాజ్‌లోలా కల్పించి పాడటానికి వీల్లేదు. పాట మరొకరిది, పైగా ఆ రోజు గౌరవం ఆ మాటలకే. చాలా టెన్షన్‌గా ఉందని, క్షమించమని అడిగి, మళ్లీ ఆ భాగం మొదలుపెట్టమని వాద్యబృందాన్ని కోరింది. వాళ్లు ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు. ఆమె తర్వాత రాసుకున్న వ్యాసంలో రెండు విషయాలు ఆసక్తికరంగా ఉంటాయి. ఒకటి, మాటలు మరిచిపోలేదట, కంఠతా వచ్చిన మాటలే నోట్లోంచి బయటికి రాలేదట. రెండు, మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర కొందరు శాస్త్రవేత్తలు పలకరించి, ఆ తడబాటులో తమ పాట్లే కనిపించాయని చెప్పారట. తప్పే జరగకపోతే ఆ మాటలు ఆమె వినేదే కాదు.

తీగల వాద్యాల సంగతి వేరు. గొంతును బతిమాలుకోవచ్చు, తెగిన తీగను బతిమాలలేం. 1986 జులై 26న అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో పద్నాలుగేళ్ల వయొలిన్ కళాకారిణి మిదోరి, లియొనార్డ్ బెర్న్‌స్టైన్ నడిపిస్తున్న ఆర్కెస్ట్రాతో ఆయన రచననే వాయిస్తోంది. చివరి భాగంలో పై తీగ తెగింది. ఆ అమ్మాయి రెండడుగులు వేసి, ఆర్కెస్ట్రా వయొలిన్లలో మొదటి కుర్చీలో ఉన్నాయన స్ట్రాడివేరియస్ అందుకుని వాయించడం కొనసాగించింది. కొద్దిసేపటికి దానిదీ తెగింది. మళ్లీ పక్క కుర్చీ వయొలిన్ చేతులు మారి ఆమె దగ్గరికి వచ్చింది. అవి రెండూ ఆమె అలవాటు పడిన వాద్యం కంటే పెద్దవి. వేళ్ల దూరాలు మారిపోతాయి, అయినా తడబడకుండా ముగించింది. న్యూయార్క్ టైమ్స్ ఈ వార్తను మొదటి పేజీలో వేసింది. ఈ కథ ఎప్పుడు చెప్పినా ఆ పిల్ల ధైర్యం గురించే చెబుతారు, చెప్పాల్సిందే. కానీ లక్షల డాలర్ల వాద్యాన్ని రెండో ఆలోచన లేకుండా చేతికిచ్చిన ఆ పెద్దవాళ్ల గురించి తక్కువ చెబుతారు. రాసిపెట్టిన పాశ్చాత్య సంగీతంలో ఆర్కెస్ట్రా ఆగదు. అందుకే వాద్యమే నడిచి రావాల్సి వచ్చింది.

కర్ణాటక కచేరీలో వయొలిన్ తీగ తెగితే ఎవరి వాద్యమూ చేతులు మారదు. గాయకుడు ఆలాపనలో ఉంటే పని ఇంకా తేలిక, తాళం లేదు కాబట్టి ఎంతసేపైనా సాగదీయొచ్చు. కృతి మధ్యలో అయితే గాయకుడూ మృదంగమూ నడిపిస్తూ ఉంటారు. వయొలిన్ ఆయన పెట్టెలోంచి కొత్త తీగ తీసి, బిరడాకు చుట్టి, మెల్లగా మీటుతూ చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చేసుకుంటాడు. కొత్త తీగతో చిక్కేమిటంటే అది సాగుతూనే ఉంటుంది, రెండు నిమిషాలకోసారి శ్రుతి దిగిపోతుంది. ఆ కచేరీ అయ్యేదాకా ఆయన ఒక చెవి తీగ మీదే ఉంచాలి. మృదంగానిదీ ఇదే గోల. ఎడమ వైపు మూతకు అద్దిన తడి రవ్వ ఆరిపోయిన కొద్దీ గంభీరమైన నాదం తగ్గిపోతుంది. ఏసీ గాలికి, లైట్ల వేడికి కుడి వైపు తోలు బిగుసుకుంటూ వదులవుతూ ఉంటుంది. అందుకే పాటకూ పాటకూ మధ్య చిన్న రాయితో టకటకమని కొట్టి సర్దుకోవడం. మన జనం దీన్ని కచేరీలో భాగంగానే తీసుకుంటారు, ఆ కాసేపు కాఫీ సంగతి మాట్లాడుకుంటారు. అలవాటు లేని చోట ఏమవుతుందో 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తేలింది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ బృందం శ్రుతి చేసుకోవడం ముగించగానే సభ హోరెత్తేలా చప్పట్లు కొట్టింది. శ్రుతి చేసుకోవడమే ఇంతగా నచ్చితే అసలు వాయింపు ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన నవ్వుతూ అన్నారు. వేదిక మీద సంగీతకారుడికి బదులు సభే నాలిక కరుచుకున్న అరుదైన సందర్భం అది.

మరిచిపోవడాలన్నిటికీ తాత లాంటి కథ పియానో కళాకారిణి మరియా జువావ్ పిరేష్‌ది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సెర్ట్‌గెబౌ హాల్లో మధ్యాహ్నం పూట కచేరీ, రికార్డో షయీ ఆర్కెస్ట్రా నడిపిస్తున్నాడు. ఆర్కెస్ట్రా మొజార్ట్ డి మైనర్ కన్సెర్టో (పియానో ముందుండి, ఆర్కెస్ట్రా వెంట నడిచే రచన) ఎత్తుకుంది. పియానో ముందు కూర్చున్న పిరేష్ ముఖం పాలిపోయింది. ఆమె తయారై వచ్చింది మొజార్ట్‌దే, కానీ వేరే కన్సెర్టో! వీడియోలో ఆమె చేత్తో నుదురు పట్టుకోవడం, షయీతో గొణుక్కోవడం స్పష్టంగా కనిపిస్తాయి. అతను చెయ్యి ఊపుతూనే, నవ్వుతూ, మొన్నటి సీజన్లో మీరిది వాయించారు కదా, వచ్చేస్తుంది అని ధైర్యం చెబుతుంటాడు. ఆమెను కాపాడింది ఒక విధంగా మొజార్టే. ఆ కన్సెర్టోలో పియానో మోగడానికి ముందు ఆర్కెస్ట్రా ఒక్కటే రెండు నిమిషాలకు పైగా వాయించాలి. ఆ కాస్త సమయంలో ఆమె ఎప్పుడో పాతిన గుర్తురాళ్లన్నీ వెతుక్కుంది. తన వంతు రాగానే తప్పు లేకుండా మొదలుపెట్టింది. అదే మొదటి స్వరంతోనే పియానో మొదలయ్యే రచన అయ్యుంటే ఈ కథ వేరేలా ముగిసేది. ఆగడం అంటే ఎప్పుడూ చప్పుడు ఆపడమే కాదని షయీని చూస్తే అర్థమవుతుంది. అతను ఒక్క క్షణం కూడా ఆపలేదు, అయినా ఆమె కోసం ఎదురుచూశాడు.

ఎదురుచూడటం తెలియనిది ట్రాక్, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న పాట, ఒక్కటే. 2004 అక్టోబర్ 23న అమెరికన్ టీవీ షో "శాటర్డే నైట్ లైవ్"లో పాప్ గాయని యాష్లీ సింప్సన్ రెండో పాటకు వేదిక మీదకొచ్చింది. మైకు ఇంకా నడుం దగ్గరే ఉంది, ఆమె గొంతు మాత్రం స్పీకర్లలోంచి అంతకుముందు పాడిన పాట పాడటం మొదలుపెట్టింది. కాసేపు ఏం చేయాలో తోచక గంతులేసి, వేదిక దిగి వెళ్లిపోయింది. బృందం వాయిస్తూనే ఉంది. అంతకు పదిహేనేళ్ల ముందు మిల్లీ వానిల్లీ పాప్ జంటకు రికార్డు ఒకే ముక్క దగ్గర ఇరుక్కుపోయి ఇదే గతి పట్టింది. మరుసటి సంవత్సరం, రికార్డుల్లో గొంతులు వాళ్లవి కావని తేలాక, వాళ్ల గ్రామీని కూడా వెనక్కి తీసుకున్నారు. ఎల్లాకు జరిగినదీ యాష్లీకి జరిగినదీ కొలతలో ఒకటే, ఒక్క పాటలో ఒక్క తడబాటు. కానీ వెనకున్నది మనిషి కాకపోయేసరికి సర్దుకోవడానికి దారి లేకుండా పోయింది. పైగా ట్రాక్ తప్పు బయటపెట్టేది పాటలోని లోపాన్ని కాదు, పాడుతున్నట్టు నటించడాన్ని.

తెలుగు సినిమా పాటల లైవ్ షోలకు ఈ కోణం బాగా వర్తిస్తుంది. గణపతి నవరాత్రుల పందిళ్ల దగ్గర ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే పదిమంది మనుషులు, తబలా, డోలక్, కాంగో, గిటార్, ఇద్దరు ముగ్గురు గాయకులు. గాయని రెండో చరణం ముందు ఊపిరి కోసం ఆగితే కీబోర్డు ఆయన ఆ బిట్‌ను ఇంకోసారి తిప్పేవాడు. ఇప్పుడు చిన్న షోల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, మిగతాదంతా ల్యాప్‌టాప్. పెద్ద షోల్లో, అమెరికాలో తెలుగు సంఘాల వేడుకల్లో, గాయకుల చెవుల్లో క్లిక్, అంటే వేగం చెప్పే టిక్‌టిక్ శబ్దం, మోగుతూ ఉంటుంది. వెనక స్క్రీన్, లైట్లు అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. శబ్దం బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనలేం. కానీ పల్లవి ఇంకోసారి పాడాలనిపిస్తే పాడలేరు. ఒక బార్ (తాళంలో ఒక చుట్టు) ఆలస్యంగా ఎత్తుకుంటే పాట అయ్యేదాకా ఆ ఆలస్యాన్ని మోయాలి, లేదా ఒక లైను వదిలేసి పరుగెత్తి కలుసుకోవాలి. జనంలోకి మైకు పెట్టి "అందరూ పాడండి!" అనడం చాలాసార్లు ఉత్సాహంతో, కొన్నిసార్లు ఈ అవసరంతో.

రికార్డు సాయం తీసుకున్నవాళ్లంతా మోసగాళ్లని తీర్పు చెప్పడం తప్పు. 2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారంలో ఇట్జాక్ పెర్ల్‌మన్, యో-యో మా లాంటి దిగ్గజాలు వాయించినప్పుడు స్పీకర్లలో వినిపించింది రెండు రోజుల ముందు చేసిన రికార్డింగే. గడ్డకట్టే చలిలో తీగలు శ్రుతిలో నిలవవు, పియానో అసలే నిలవదు. సంగతి బయటపడ్డాక కొందరు నొసలు చిట్లించారు గానీ, ఎవరి పరువూ పోలేదు. ఏ రాత్రైనా నిజంగా వాయించగలరని అందరికీ తెలుసు కాబట్టి.

సంగీతకారుడే ఆగాల్సిన వేదికలూ ఉన్నాయి. పెళ్లి మేళంలో నాదస్వరం ఆయన తోడి ఆలాపనలో గొప్ప ప్రయోగం మొదలుపెట్టి ఉండొచ్చు, పురోహితుడి వేలు లేచి "గట్టిమేళం" అనగానే అది గాల్లో కలిసిపోవాల్సిందే. ఎవరో తుమ్మితే వినపడకుండా ఉండటానికి చప్పుడు కావాలి, రాగం ఎవరిక్కావాలి? అక్కడ ఎంత బాగా వాయించినా గర్వపడే తీరికా ఉండదు, తప్పు వాయిస్తే పట్టుకునేవాళ్లూ ఉండరు.

దీనికి సరిగ్గా వ్యతిరేకం పద్యనాటకం. అక్కడ కథ, యుద్ధం, రాయబారం, అన్నీ పద్యం కోసం ఆగుతాయి. కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివరి పాదం మీద రాగం తీస్తుంటే దుర్యోధనుడు కదలకుండా నిలబడి ఉంటాడు, హార్మోనిస్టు ఆయన గొంతు వెంట నీడలా పోతుంటాడు. రాగం దిగగానే జనంలోంచి "వన్స్ మోర్!" వస్తుంది. ఈలపాట రఘురామయ్య పద్యం పాడి, దానికి ఈలతో రాగం జోడిస్తే ఆ కేకలు ఆగేవి కావని చెబుతారు. రంగస్థల నటుడి జీవితంలో దీన్ని మించిన బిరుదు లేదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు సీన్లు పంచుకునేవాళ్లు. మర్నాడు ఊళ్లో లెక్కేసేది ఎవరికెన్ని వన్స్ మోర్లు అనే. కానీ ఈ గౌరవంలోనే ఒక ఉచ్చు ఉంది. మొదటిసారి అతి కష్టం మీద అందుకున్న పై షడ్జాన్ని మళ్లీ అందుకోవాలి, ఈసారి గొంతు అలసి ఉంటుంది, జనం ఆశ పెరిగి ఉంటుంది. గొంతు జీరబోయేది చాలాసార్లు రెండోసారే. తెలివైన నటుడు రాగాన్ని కాస్త మార్చి, ఇంకో దారిలో దిగేవాడు. హార్మోనిస్టు దాన్ని ముందే పసిగట్టి మెట్లు మార్చేవాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏ దండా పడేది కాదు.

పిల్లల విషయంలో మన సభలు ఇంకా ఓపికగా ఉంటాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదటి కచేరీ ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనల్లోనే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో తొమ్మిదేళ్లకు గుడివాడలో తొలిసారి వేదికెక్కింది కూడా ఆరాధనోత్సవంలోనే. ఇది కాకతాళీయం అనుకోనక్కర్లేదు. ఆరాధన అంటే టికెట్ లేని సభ, ఒక్కొక్కరికి కాస్త సమయం, తప్పినా దేవుడి ముందు తప్పిన లెక్క. ఇక త్యాగరాజ పంచరత్న కృతుల్ని అందరూ కలిసి పాడే గోష్ఠి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అక్కడ చరణం మరిచిపోయినవాళ్లు పెదాలు కదుపుతూ ఉంటే చాలు, వందమంది గొంతులు మోసుకుపోతాయి. క్లీవ్‌లాండ్ ఆరాధనల్లో పాడే అమెరికా తెలుగు పిల్లలకూ మొదటి ధైర్యం అక్కడే వస్తుంది.

ఇంతకీ వినేవాళ్లకు తప్పులు ఎంతవరకు వినిపిస్తాయి? బ్రూనో రెప్ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన అధ్యయనంలో, పియానో విద్యార్థులు వాయించిన రికార్డింగుల్లోని తప్పు స్వరాలన్నిటినీ కంప్యూటర్‌తో లెక్కగట్టి, తర్వాత పియానో వచ్చినవాళ్లకే వినిపించి పట్టుకోమన్నాడు. తప్పులు పట్టడమే పనిగా పెట్టుకుని విన్నా వాళ్లు సగం కూడా పట్టలేకపోయారు. ఎక్కువ తప్పులు రాగం నడిచే పై వరసలో కాక, మధ్య స్వరాల్లో దాక్కుని ఉంటాయి. వాయించేవాడి వేలికి మాత్రం ప్రతి ఒక్కటీ ముల్లులా గుచ్చుకుంటుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ తెలుగువాళ్లకు బాగా తెలుసు. తెలుగు రాని గాయకులు త్యాగరాజ కృతి పాడుతూ మాటను విరవకూడని చోట విరిచి, అర్థాన్ని తలకిందులు చేసి, కళ్లు మూసుకుని తన్మయంగా సంగతి మీద సంగతి వేస్తుంటారు. సభలో తెలుగు వచ్చినవాళ్లు కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు. వేదిక మీద ఏ సిగ్గూ లేదు, తప్పు జరిగిందని తెలిస్తే కదా! సిగ్గు పడాలంటే ముందు చెవి ఉండాలి. అందుకే బాగా వచ్చినవాళ్లే ఎక్కువ సిగ్గుపడతారు.

ఆ సిగ్గు శరీరంలోకి దిగితే అదో వైద్య సమస్య. అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, కమాను పట్టిన చెయ్యి వణికి పొడవాటి స్వరం గొలుసులా వినిపిస్తుంది. అమెరికా ఆర్కెస్ట్రాల్లో 1987లో జరిగిన సర్వేలో 2,212 మంది సంగీతకారులు పాల్గొంటే, 27 శాతం మంది బీటా బ్లాకర్లు వాడినట్టు చెప్పారు. గుండె జబ్బులకు వాడే మందులవి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదకరం, డాక్టర్ను అడగకుండా మింగేవి కావు. ఇంకో తేలిక దారి హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో కనిపించింది. కరావోకే పాడే ముందు "నాకు టెన్షన్‌గా ఉంది" అని పైకి చెప్పినవాళ్లకు మెషిన్ సగటున 53 మార్కులు వేసింది, "నాకు ఉత్సాహంగా ఉంది" అన్నవాళ్లకు 80 దాటాయి. గుండె దడ ఇద్దరికీ ఒకటే, పెట్టిన పేరే వేరు.

కొందరికి ఏ పేరు పెట్టినా ఆ భయం దిగలేదు. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో లక్షకు పైగా జనం ముందు పాట మాటలు మరిచిపోయిన బార్బ్రా స్ట్రైసాండ్, ఆ తర్వాత దాదాపు 27 ఏళ్లు టికెట్టు కచేరీల జోలికి పోలేదు. జనానికి ఆ రాత్రి గొప్ప కచేరీగానే గుర్తుంది. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో 31 ఏళ్లకే వేదికకు నమస్కారం పెట్టి స్టూడియోలో కూర్చున్నాడు. అక్కడ నచ్చనిది ఎన్నిసార్లైనా మళ్లీ వాయించొచ్చు, ఎదురుగా ఎవరూ ఉండరు.

అచ్చంగా దీనికి ఎదురు దారిలో నడిచింది వ్లాదిమిర్ హోరోవిట్జ్. పన్నెండేళ్లు సభకు ముఖం చాటేసి 1965 మే 9న కార్నెగీ హాల్లో మళ్లీ పియానో ముందు కూర్చున్నాడు. టికెట్ల కోసం జనం ముందు రాత్రే వీధిలో క్యూ కట్టారు. మొదటి రచన మొదటి క్షణాల్లోనే తప్పు స్వరాలు పడ్డాయి. హాల్లో ఉన్నవాళ్లందరికీ వినిపించేంత తప్పులవి. ఎవరూ కదల్లేదు, ఆయన కుదురుకునేదాకా సభ ఊపిరి బిగబట్టి కూర్చుంది. తర్వాత రికార్డు విడుదలకు ముందు కొన్ని చోట్ల సరిచేసిన స్వరాలు అతికారు. ఏళ్ల తరబడి జనం ఆ సవరించిన కచేరీనే విన్నారు. ఆయన పోయిన చాలాకాలానికి, 2003లో సోనీ సంస్థ అదే కచేరీని మళ్లీ విడుదల చేసింది. ఈసారి ఎడిటింగ్ లేకుండా, తప్పులతో సహా. అట్ట మీద ఆ సంగతినే పెద్దగా వేసుకుంది.